కంప్యూటరుకు గిట్టని బూట్లు

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే కుళ్ళాయప్ప ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. బళ్ళారి నుంచి వచ్చే వ్యాపారి రామదాసుకు ప్యాంటు కొలతలు గీసిచ్చే కొత్త కంప్యూటర్ చూపించాలి, నోరెళ్ళబెట్టించాలి, పెద్ద ఆర్డరు పట్టాలి. ఎనభైల చివర్లో ఆ వీధిలో అదొక్కటే కంప్యూటర్. ఆ హోదాకు తగ్గట్టు కొత్త బూట్లు కూడా తొడుక్కున్నాడు.

"ఈ పొద్దు ఇది పలకలేదంటే వెనక్కి పంపిస్తా. దాంతోపాటు నిన్ను కూడా," అన్నాడు ఆ కంప్యూటర్ నడిపే దివాకర్‌తో. దివాకర్‌కు మొన్ననే పెళ్ళి కుదిరింది. కంప్యూటర్ ఉద్యోగమనే కాబోయే మామ ఒప్పుకున్నాడు.

స్విచ్ వేశాడు. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి ఆగిపోయాయి.

"ఏమంటాందప్పా?"

"బూట్ ఫెయిల్యూర్ అంటాందన్నా." భయంలో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు దివాకర్.

కుళ్ళాయప్ప తన కాళ్ళు చూసుకున్నాడు. కొబ్బరికాయ కొట్టి, కుంకుమ పెట్టి లోపలికి తెచ్చిన మిషన్ ముందు బూట్లతో నిలబడ్డాడు!

"ఆ బూటు కాదన్నా, మిషన్ మొదలయ్యేదాన్ని బూటంటారు..."

"నువ్వుండప్పా! అదే నోరు తెరిచి చెప్తాంటే నడుమ నువ్వేంది?"

బూట్లు వాకిట్లోకి పోయాయి. తెర మారలేదు. కుట్టేవాళ్ళ చెప్పులన్నీ పోయాయి. అయినా మారలేదు. సంగతి విని కుళ్ళాయప్ప తల్లి తిప్పమ్మ పసుపునీళ్ళ చెంబుతో వచ్చింది.

"అవ్వా, నీళ్ళొద్దు! కరెంటు!" అంటూ దివాకర్ చేతులడ్డం పెట్టాడు.

ఆమె చెంబు దించి కొడుకును ఎగాదిగా చూసింది. "బూట్లిప్పితే సరిపోయిందా? నడుముకు తోలు బెల్టుండాది గదరా!"

బెల్టూ పోయింది. సొంతంగా కుట్టించిన ప్యాంటు జారడం మొదలుపెట్టింది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని కుళ్ళాయప్ప వాకిట్లోకి వెళ్ళేసరికి రామదాసు జీపు దిగుతున్నాడు.

"రాండన్నా! బూట్లు ఈడ ఇడవండి. బెల్టు కూడా."

"ఏమప్పా, బేరానికి పిలిచినావా, దోచుకునేకి పిలిచినావా?"

ఆ కాసేపట్లో లోపల దివాకర్ మిషన్ ఆపి మళ్ళీ వేశాడు. అక్షరాలు కదులుతుండగానే డిలీట్ మీట నొక్కాడు. మిషన్ ఎక్కడినుంచి మొదలవ్వాలో చెప్పే పట్టిక తెరుచుకుంది. ముందు 'ఏ', తర్వాత 'సి' అని ఉంది. 'ఏ' అంటే ఫ్లాపీ పెట్టే అర. తొంగి చూస్తే నిన్న సాయంత్రం తానే మరిచిపోయిన ఫ్లాపీ అందులో! పాపం మిషన్ దాన్నే వెతికి వెతికి, ఏమీ దొరక్క ఆగిపోతోంది. దివాకర్ ఫ్లాపీ లాగి చొక్కాలోకి దోపేశాడు. ఇంకెప్పుడూ ఈ గండం రాకుండా లోపలి డిస్కు 'సి'ని ముందుకు మార్చాడు.

వాకిట్లో రామదాసు బెల్టు పడ్డ చప్పుడూ, లోపల మిషన్ కుయ్‌మన్న చప్పుడూ ఒకేసారి వినిపించాయి. తెర నిండా ప్యాంటు బొమ్మ నిలబడింది.

"చూసినారా! నేను చెప్పలేదా?" అంది తిప్పమ్మ.

రామదాసు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో మిషనుకు దండం పెట్టాడు. "ఇంత పట్టింపుండే మిషన్ తప్పు కొలత ఇయ్యదులే. ఆర్డరు రాసుకోప్పా. నడుము మాత్రం రవ్వంత తగ్గించు."

దివాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచి, మామ గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆ వీధిలో కంప్యూటర్ కొన్న ప్రతివాడూ ముందుగా చెప్పుల స్టాండు చేయించాడు.