పెద్ద సిలిండర్ బేరం

ఆ ఉదయం పరదాల కొట్టు యజమాని వేసుకున్న పథకం చిన్నదే. కొట్టు తెరిచేలోపు తన పాత క్రూయిజర్ బండిని షెడ్డులో వదలాలి, ఇంజిన్ సీసీ పెంచమనాలి, ఇంట్లో మాత్రం సర్వీసింగ్ అని చెప్పాలి. కిందటి ఆదివారం అత్తగారింటికి వెళ్లే ఎత్తురోడ్డు మీద బావమరిది బక్క స్కూటర్‌తో ఆ బండిని దాటేసి చెయ్యి ఊపాడు. వెనక కూర్చున్న భార్య కూడా తమ్ముడికి చెయ్యి ఊపింది. అసలు నష్టం అక్కడ జరిగింది. వచ్చే ఆదివారం అత్తవారంతా గేటు దగ్గర చూస్తుండగా దాన్ని పూడ్చుకోవాలి.

షెడ్డు మూలలో అదే రకం బండి ఒకటి ఇంజిన్ సామాను లేక బోలుగా నిలబడి ఉంది. మెకానిక్ దానికి చొక్కా తగిలించుకుంటాడు.

"పెద్ద సిలిండర్, పెద్ద పిస్టన్ వేసేస్తే సరి సార్. పాతవి నాకిచ్చేయండి, కూలిలో తగ్గించుకుంటా."

"ఆ తుక్కు నీకెందుకయ్యా?"

"ఎవరో ఒక అమాయకుడు దొరక్కపోడు సార్."

పాత సరుకు వదిలిందని యజమాని లోలోపల సంబరపడ్డాడు.

మర్నాడు ఫోన్ వచ్చింది. "సిలిండర్ పెరిగింది కదా సార్, ఈ కార్బురేటర్ చాలదు." ఆ తర్వాత క్లచ్ జారుతోందన్నాడు. ఆ పాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ యజమాని ఫోన్ పెట్టేసి, కొట్టులో పరదాలు చూస్తున్న ఆవిడతో అన్నాడు: "ఇంత బరువు పరదాకి మీ పాత కడ్డీ ఆగుతుందా అమ్మా? కడ్డీ మారిస్తే కొక్కేలూ మార్చాలి మరి." అన్నాక గానీ ఎక్కడ విన్నాడో తెలియలేదు. తెలిసి మాత్రం ఏం లాభం? సగంలో ఆపితే పెట్టిందంతా దండగ. ఆ మాట చెప్పే కదా తాను ఇన్ని కొక్కేలు అమ్మింది! అన్నిటికీ సరేనన్నాడు, పాతవన్నీ మెకానిక్‌కే వదిలేశాడు.

ఈలోగా భార్య కూరగాయలకు వెళ్తూ షెడ్డులో గోనెపట్టా మీద పరిచిన ఇంజిన్ ముక్కల్ని చూసింది. బండి పోయినట్టేనని తేల్చుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావగారు చెప్పుకోలేక కుమిలిపోతున్నారురా. నీ స్కూటర్ ఎక్కమంటే చిన్నతనంగా ఉంటుంది ఆయనకి. ఏదైనా పెద్ద బండి చూసి ఆదివారం ఆయన్ని తీసుకెళ్లు. నేను ఆటోలో వస్తాలే."

ఆదివారం పొద్దున బండి ఇంటి ముందు నిలిచింది. యజమాని కిక్కు కొట్టాడు. పెద్ద పిస్టన్ కదిలితేనా! పళ్లు బిగించి, ఒళ్లు బరువంతా వేసి తొక్కాడు. కిక్ రాడ్ తిరిగి తన్నింది. చెప్పు ఎదురింటి గోడ దాటింది, మనిషి పూలకుండీలో కూలబడ్డాడు.

"సర్వీసింగ్ బాగా చేశాడండీ," అంది భార్య, లేవదీస్తూ.

అప్పుడే బావమరిది వచ్చాడు, నిగనిగలాడే క్రూయిజర్ మీద. "ఎక్కండి బావా. ముందు కాలికి కట్టు, తర్వాత భోజనం."

కట్టు కట్టించుకుని ఎత్తురోడ్డు ఎక్కుతుంటే సీటు కింద నుంచి వస్తున్న చప్పుడు యజమానికి మరీ పరిచయంగా వినిపించింది.

"ఇది ఎక్కడ కొన్నావురా?"

"మీ మెకానిక్ దగ్గరే బావా. మూలనున్న బోలు బండికి సామాను దొరికిందట. ఎవరో మహానుభావుడు బంగారం లాంటి ఇంజిన్‌ని ముక్కముక్కగా తుక్కు కింద ఇచ్చిపోయాడట. కార్బురేటర్లో కాస్త నలక ఉంటే ఊది బిగించాడు, అంతే. చూడండి ఎలా లాగుతోందో!"

యజమాని పాత ఇంజిన్ ఎట్టకేలకు ఆ ఎత్తును దర్జాగా ఎక్కింది. గేటు దగ్గరున్న అత్తవారికి బావమరిది చెయ్యి ఊపాడు. వెనక కూర్చున్నవాళ్లు ఎలాగూ ఊపాలి కనుక, యజమానీ ఊపాడు.