మధ్యస్థమైన ఆయాసం

మంగళవారం ఉదయానికి గ్లెండా వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. మూడు నిమిషాలు చురుగ్గా, రెండు నిమిషాలు నింపాదిగా, అలా ఆరు విడతలు. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పదింబావుకల్లా కాఫీ, క్లాసుకొచ్చే ఆర్డిస్ చేసి తెచ్చే నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు. దులూత్ ఊళ్లోని కమ్యూనిటీ సెంటర్ హాల్లో గ్లెండా తొమ్మిదేళ్లుగా నడుపుతున్న వ్యాయామం క్లాసు అది. వచ్చేది పద్నాలుగు మంది. అందరూ అరవై అయిదు దాటినవాళ్లే.

కాకపోతే ఈ మంగళవారం సెంటర్ మేనేజరు బ్రెంట్ వచ్చి చూస్తానన్నాడు. హాలు తమకిమ్మని పికిల్‌బాల్ అనే బ్యాట్ల ఆట ఆడేవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. గ్లెండా క్లాసులో కబుర్లు తప్ప వ్యాయామం లేదని అందులో రాశారు. సెంటర్ పట్టికలో మాత్రం ఆ క్లాసు పేరు పక్కన 'మధ్యస్థ తీవ్రత' అని ఉంది. అది నిజమేనని బ్రెంట్ రాస్తే క్లాసు ఉంటుంది. తక్కువని రాస్తే హాలు పికిల్‌బాల్‌కి పోతుంది. ఎక్కువని రాసినా పోతుంది, ముసలివాళ్లకి ప్రమాదమని.

అందుకే గ్లెండా ముందుగానే అందరికీ చెప్పింది. "పదికి ఎంత కష్టంగా ఉందని అడుగుతాడు. మధ్యస్థమంటే అయిదో ఆరో, అదే చెప్పండి. అబద్ధం అక్కర్లేదు, ఉన్నదే చెప్పండి చాలు."

వెర్ల్ ఇబ్బందిగా కదిలాడు. ఖనిజం ఓడల్లో ఇంజన్ గదిలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. "ఆరంటే మరీ ఏడ్చినట్టుంటుందేమో గ్లెండా. పరాయి మనిషి ముందు."

"ఏడవమనట్లేదు వెర్ల్. అంకె చెప్పమంటున్నా."

"సరేలే, చూద్దాం," అన్నాడు వెర్ల్. ఆ ఊళ్లో దానికి అర్థం కుదరదని. అది గ్లెండాకి అప్పుడే తట్టాల్సింది.

బ్రెంట్ గోడవారగా మడతకుర్చీ వేసుకుని, అట్టకి బిగించిన కాగితంతో కూర్చున్నాడు. తలుపు అద్దంలోంచి ఇద్దరు పికిల్‌బాల్ వాళ్లు బ్యాట్లు పట్టుకుని తొంగిచూస్తున్నారు. మొదటి విడత చక్కగా సాగింది. మోకాళ్లు లేస్తున్నాయి, చేతులు ఊగుతున్నాయి, నుదుళ్ల మీద చెమట పట్టింది.

"ఎలా ఉందండీ? పదికి ఎంత?" అడిగాడు బ్రెంట్.

"ఫర్వాలేదు," అన్నాడు వెర్ల్. "రెండనుకో."

"నాకూ రెండే," అంది పక్కనున్న లోయిస్. ఆవిడ మొహం కందగడ్డలా ఉంది.

బ్రెంట్ ఏదో రాసుకున్నాడు.  గ్లెండా రెండో విడతకి సంగీతం వేగం పెంచింది. అడుగుకి చప్పట్లు కలిపింది. పద్నాలుగు మందీ రొప్పుతూ పూర్తిచేశారు.

"ఇప్పుడు?"

"మూడుండొచ్చు," అన్నాడు వెర్ల్ గోడ పట్టుకుని. "ఇంతకన్నా కష్టాలు లేవూ?"

గ్లెండా పళ్లు నూరుకుంది. ఈ మనిషికి కాలు విరిగి ఊడిపడినా, ఫర్వాలేదు రెండోది ఉందిగా అంటాడు. అందరూ అంతే. కష్టంగా ఉందని ఒప్పుకోవడం వాళ్ల దృష్టిలో అతిథి ముందు చొక్కా విప్పడంతో సమానం.

మూడో విడత మధ్యలో బ్రెంట్ లేచి నిలబడ్డాడు. "అంకెలతో తేలట్లేదు. సెంటర్ నిబంధనల పుస్తకంలో ఇంకో పరీక్ష ఉంది. మధ్యస్థమంటే మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. ఎవరైనా పాడగలరా?"

"బ్రెంట్, వద్దు!" అంది గ్లెండా. కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఆ పద్నాలుగు మందిలో ఎనిమిదిమంది లూథరన్ చర్చి గాయక బృందంవాళ్లు. నలభై ఏళ్లుగా వాళ్లని నడిపిస్తున్న ఆర్డిసే, చిన్నప్పుడు ఆదివారం బడిలో బ్రెంట్‌కి పాఠాలు చెప్పింది. పిల్లాడు నోరు తెరిచి అడిగాక కాదనడం ఆవిడ వల్ల కాలేదు. మోకాళ్లెత్తుతూనే శ్రుతి అందించింది. ఎనిమిదిమందీ నాలుగు స్థాయిల్లో అందుకున్నారు. కోతల పండగ కీర్తన రెండు చరణాలు, ఒక్క అడుగు తప్పకుండా, ఒక్క స్వరం జారకుండా పాడేశారు. తలుపవతల పికిల్‌బాల్ వాళ్లు చప్పట్లు కొట్టారు.

బ్రెంట్ విచారంగా కాగితం మీదకి వంగాడు. "తక్కువ" అన్న గడి దగ్గర కలం ఆగడం గ్లెండాకి కనిపించింది.

"వాళ్లు నిద్రలో కూడా పాడతారు బ్రెంట్! అది లెక్కలోకి రాదు!"

"పుస్తకంలో అలా లేదు గ్లెండా."

దాంతో ఆవిడకి తిక్క రేగింది. నాలుగో విడతకి తను తొమ్మిదేళ్లలో ఎన్నడూ పెట్టని వేగం పెట్టింది. నిమిషం గడిచిందో లేదో లోయిస్ మొహంలో ఎరుపు పోయి తెలుపు దిగింది. వెర్ల్ పెదాలు బిగబట్టి, ఓడ మునుగుతున్నా ఇంజను వదలనివాడిలా అడుగులేస్తున్నాడు. హాలు పోతే పోయిందనుకుని గ్లెండా ఈల నోట పెట్టి గట్టిగా ఊదింది. "ఆపండి! అందరూ మెల్లిగా నడవండి, నీళ్లు తాగండి!"

ఆర్డిస్ నీళ్లు తాగి బ్రెంట్ వైపు తిరిగింది. "నాయనా, అలా చలికి బిగుసుకుని కూర్చున్నావేం? కుర్చీలోంచి చూస్తే ఏం తెలుస్తుంది? రా, మాతోపాటు రెండు అడుగులెయ్యి."

ఆదివారం బడి టీచరు పిలిస్తే రానని చెప్పేంత ధైర్యం బ్రెంట్‌కి లేదు. పైగా తలుపు దగ్గర జనం చూస్తున్నారు. కోటు విప్పి వరసకి ముందు నిలబడ్డాడు. "ఇందాకటి వేగమే పెట్టు గ్లెండా. ఇందులో ఏముందో చూద్దాం."

గ్లెండా వేగం పెట్టింది. వెనకనున్న పద్నాలుగు మందికీ మాత్రం అరచెయ్యి కిందికి ఊపి, నింపాదిగా అని సైగ చేసింది. వాళ్లు మామూలు అడుగులు వేసుకుంటున్నారు. ముందు బ్రెంట్ ఒక్కడే సంగీతానికి సరిగ్గా మోకాళ్లు ఛాతీ దాకా ఎగరేస్తున్నాడు. మొదటి నిమిషం నవ్వాడు. రెండో నిమిషం నవ్వు మాయమైంది. మూడో నిమిషం సగంలో మెల్లిగా కిందికి దిగి, నేలమీద వెల్లకిలా పరుచుకున్నాడు.

అందరూ చుట్టూ మూగారు. వెర్ల్ అతని మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. "కొట్టుకుంటోంది. బాగానే కొట్టుకుంటోంది." లోయిస్ అతని తల కింద తువ్వాలు పెట్టింది.

"నాయనా, మాట్లాడగలవా?" అడిగింది ఆర్డిస్.

బ్రెంట్ తల అడ్డంగా ఊపాడు.

గ్లెండా రెండు నిమిషాలు ఆగింది. అతని ఛాతీ ఎగసిపడటం తగ్గాక పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తొమ్మిదేళ్ల ఉడుకంతా గొంతులో అణుచుకుని, ఎంతో మర్యాదగా అడిగింది. "ఎలా ఉంది బ్రెంట్? పదికి ఎంత?"

బ్రెంట్ కప్పు వంక చూశాడు. తలుపు వైపు చూశాడు. తనమీదకి వంగిన డెబ్భై ఏళ్ల మొహాలు పద్నాలుగూ చూశాడు. ఎక్కువని రాస్తే వీళ్లు చేసింది తను చేయలేకపోయానని ఒప్పుకున్నట్టే. తక్కువని రాసే మొహం అతనికి ఇక లేదు.

"ఫర్వాలేదు," అన్నాడు, ఆ ఒక్క మాటకి మూడు ఊపిరులు ఖర్చుపెట్టి.

"ఆ కాగితం నీకందించమంటావా, నాయనా?" అంది ఆర్డిస్.

పడుకునే సంతకం పెట్టాడు. గడి: మధ్యస్థం. తర్వాత రెండు నిమ్మకాయ బార్లు తిని, కోటు మర్చిపోయి వెళ్లాడు.

హాలు ఖాళీ అవుతుండగా గ్లెండా లోయిస్ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడెవరూ లేరు. నిజం చెప్పు. ఆ నాలుగోసారి ఎంత?"

లోయిస్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పదకొండు. మా అమ్మ కనిపించింది అమ్మాయ్."

"మరి చెప్పవేం తల్లీ!"

"నీ క్లాసు గురించి వచ్చినాయన ముందు నీమీద ఫిర్యాదు చేస్తానా?"

 గ్లెండా ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయింది, కుడి మోకాలు వాచింది, తలలో ఇంకా కీర్తన మోగుతోంది.

"క్లాసు ఎలా జరిగింది?" అడిగాడు భర్త డేల్, గరాజు ముందు మంచు తోస్తూ.

"ఫర్వాలేదు," అంది గ్లెండా.