మా బావమరిదికి పనివ్వనందుకు కృతజ్ఞతలు

జైలు నుంచి విడుదలైనవాళ్ళకి దయచేసి ఎవరూ పనివ్వకండి. ఇల్లు అద్దెకివ్వకండి. పలకరిస్తే పలక్కండి. ఇంతవరకూ ఈ విషయంలో మీరంతా చూపిస్తున్న క్రమశిక్షణకి ఒక వ్యాపారిగా నా నమస్కారాలు.

నాది తాళాల కొట్టు. నా సరుకు తినేది కాదు, కట్టుకునేది కాదు. భయం ఉన్నంతకాలమే దానికి గిరాకీ. ఒకసారి జైలుకెళ్ళొచ్చిన దొంగ బుద్ధి తెచ్చుకుని, ఏ ఫ్యాక్టరీలోనో కుర్చీలకి కాళ్ళు బిగించుకుంటూ కూర్చుంటే నా గతేం కాను? కొత్త దొంగ తయారవాలంటే ఎంతకాలం పడుతుందో మీకు తెలుసా? ఉన్నవాణ్ణే తిప్పి తిప్పి వాడుకోవడంలో ఎంత పొదుపుందో వ్యాపారం చేసినవాడికే తెలుస్తుంది!

ఈ పొదుపులో సమాజం నాకు చేస్తున్న సాయం అంతా ఇంతా కాదు. విడుదలైన రోజు గేటు దగ్గర అధికారి "ఇక బుద్ధిగా బతుకు" అంటాడు. ఎక్కడ బతకాలో చెప్పడు. అది ఆయన డిపార్ట్‌మెంట్ కాదు. ఇంటి ఓనరు "ఉద్యోగం ఉంటే ఇల్లిస్తా" అంటాడు. ఉద్యోగమిచ్చేవాడు "ముందు అడ్రస్ చెప్పు" అంటాడు. ఈ ఇద్దరి మధ్యా తిరగడంలోనే ఏ వీధిలో ఏ ఇంటికి తాళం వేసుందో, ఏ ఆఫీసుకి వెనకవైపు దారుందో అతనికి తెలిసిపోతుంది. ట్రైనింగ్ ఖర్చు కూడా మిగిలినట్టేగా?

ఉదాహరణకి మా బావమరిదినే తీసుకోండి. మా ఆవిడ పిన్ని కొడుకు. వీడి పాత పార్ట్‌నర్ ఒకడు గోడౌన్లలో సరుకు మాయం చేస్తుంటే వీడు వ్యాన్ నడిపాడు. పార్ట్‌నర్‌కి గోడ దూకడం వచ్చు, వీడికి రాదు. ఆ తేడాకి కొన్నేళ్ళు లోపలుండి, వడ్రంగం నేర్చుకుని, తిన్నగా మా ఇంటికొచ్చాడు. వాడు సంచి దింపాడో లేదో పార్ట్‌నర్ నుంచి కబురు: వ్యాన్ రెడీగా ఉంది, డ్రైవర్ లేడు.

"నేను వెళ్ళను బావా. ఎక్కడైనా పని చూడు. ఏ పనైనా సరే," అన్నాడు మావాడు.

చూశాను. ఒక ఫర్నిచర్ షోరూమ్ ఓనరు వీడు చిత్రిక పట్టిన చెక్కని వేలితో నిమిరి మురిసిపోయాడు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"లోపలండి."

"లోపలంటే? ఏ షాపు లోపల?"

వీడు చెప్పాడు. ఓనరు టేబుల్ మీదున్న సెల్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. మర్యాదస్తుడు. పని లేదని నోటితో అనలేదు.

తర్వాత చెక్కపెట్టెల ఫ్యాక్టరీ. అక్కడి మేనేజర్ నా పాత కస్టమర్. సంగతంతా ముందే చెప్పాను. "పాత కథ నాకెందుకు? చేతిలో పనుంటే చాలు, పొద్దున్నే పంపించు," అన్నాడు. ఇలాంటివాళ్ళు పెరిగితే నేను కొట్టు మూసుకోవాల్సిందే. నా అదృష్టం బాగుండి ఆ మేనేజర్ గదికి ఒక తలుపుంది. అది మూసుంది.

మర్నాడు పొద్దున్నే మావాడు వెళ్ళి తట్టాడు. "రా" అని లోపల్నుంచి వినపడింది. వెళ్ళలేదు. "రావయ్యా" అని ఆయన మళ్ళీ అరిచాడు. మావాడు ఒకడుగు వెనక్కేసి, చేతులు కట్టుకుని, గోడవారగా నిలబడ్డాడు. కాసేపటికి మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. "పిలిచినా రాని పొగరుబోతు నాకెందుకండీ?"

"తోసుకుని వెళ్ళొచ్చు కదరా," అన్నాను వాడు ఇంటికొచ్చాక.

"ఎవరూ తలుపు తియ్యలేదు బావా."

"నువ్వే తియ్యాలి."

"నేనా?" అన్నాడు. జైల్లో ఉన్న అన్నేళ్ళూ తలుపు మీద చెయ్యి వేస్తే శిక్ష. తీసేవాడు వేరే ఉంటాడు, అతనొచ్చేదాకా నిలబడాలి. వడ్రంగంకన్నా వీడు బాగా నేర్చుకున్న విద్య అదే.

మా ఆవిడ వంటగదిలోంచి అంది: "ఒకరేమో తాళాలమ్ముకుంటారు, ఒకడికేమో తలుపు తియ్యడం రాదు. ఇద్దరికీ బాగా కుదిరింది."

ఆలోచించండి. తలుపు ముట్టుకోవడానికే జంకే మనిషిని చూసి వీధి వీధంతా నా దగ్గర డబుల్ లాకులు కొంటోంది! ఎదురింటాయన కొత్త గొళ్ళెం వేయించుకుంటూ, "మీ చుట్టం వల్లే కదా ఈ ఖర్చు, రేటు కాస్త తగ్గించండి," అన్నాడు. తగ్గించాను. న్యాయంగానే అడిగాడనిపించింది.

ఇక ఆ పాత పార్ట్‌నర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పకపోతే తప్పవుతుంది. నాకు తెలిసి అనుభవానికి విలువిచ్చే యజమాని అతనొక్కడే. అడ్రస్ అడగడు. జైలు మాటెత్తితే మొహం చిట్లించడు, పైగా అది క్వాలిఫికేషన్ అంటాడు. మొన్నామధ్య వ్యాన్ వేసుకుని తిన్నగా మా కొట్టు ముందుకే వచ్చాడు. మావాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పార్ట్‌నర్ దిగలేదు, పిలవలేదు. స్టీరింగ్ మీంచి పక్కకి వంగి, అటువైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

మావాడు లేచాడు.

నేను వ్యాపారిని. వాడు ఆ వ్యాన్ ఎక్కితే నాకు ఏడాదంతా గిరాకీ. ఆ లెక్క పూర్తిగా తెలిసి కూడా కౌంటర్ పక్కనున్న చిన్న తలుపు తీసి పట్టుకున్నాను.

"ఒరేయ్, పైన డబ్బాలున్నాయి, దింపాలి. లోపలికి రా."

వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. "సాయానికా బావా, పనిలోకా?"

"పనిలోకే."

వ్యాన్ తలుపు పార్ట్‌నరే లాక్కుని వేసుకున్నాడు.

ఈ తొందరపాటుకి నేను నష్టం భరిస్తున్నాను. ఎదురింటాయన తాళాలు వేరే కొట్లో కొంటున్నాడు. పోనీండి. చిక్కల్లా ఏమిటంటే, ఆ వ్యాన్‌కి ఇంకా డ్రైవర్ దొరకలేదు. వచ్చే నెల ఇంకొకడు విడుదలవుతున్నాడట. ప్లంబింగ్ నేర్చుకున్నాడట. నా కొట్లో ఇంకొకరికి చోటు లేదు. మీ ఇంట్లో కుళాయి కారుతుంటే అతన్ని పిలవండి.

పిలవడం ఇష్టం లేకపోతే మా కొట్టుకి రండి. గట్టి తాళాలున్నాయి. చూపించేది మా బావమరిదే.