సేఠు గారి రెండు అర్జీలు

"సర్కారు పని దొంగల్ని పట్టుకునే వరకే. అంతకు మించి వేలు పెట్టిందా, మనిషి బానిసైపోతాడు!"

ఇది హనుమకొండ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే వెంకట్రాజం సేఠు గారి సిద్ధాంతం. 1962లో ఆయన ప్రతి ఆదివారం దుకాణం అరుగు మీద కూర్చుని లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తూ, చేరిన జనం ముందు లైసెన్సులను తిట్టేవారు, పర్మిట్లను శపించేవారు. నేను మున్సిపాలిటీలో గుమాస్తాను. అంటే మానవ స్వేచ్ఛకు శత్రువును! అయినా వెళ్లేవాణ్ణి. చాయ్ బాగుండేది.

ఆ రోజుల్లోనే హసన్‌పర్తి నుంచి చిలుకమ్మ అనే ఆమె వచ్చి, దుకాణానికి ఎదురుగా రోడ్డు పక్కన చాప పరిచి రవిక గుడ్డలు అమ్మసాగింది. సేఠు గారి మెట్లెక్కాల్సిన ఆడవాళ్లంతా చాప దగ్గరే కూర్చుండిపోయారు.

ఒక సోమవారం సేఠు గారు మా ఆఫీసుకు వచ్చారు.

"ఏం సేఠ్, సర్కారు గడప తొక్కిన్రు?"

"జర మెల్లగ మాట్లాడు నాయనా!" అంటూ మడిచిన కాగితం నా చేతిలో పెట్టారు. లైసెన్సు లేని వ్యాపారం, బాటకు అడ్డం, వెంటనే తొలగించ ప్రార్థన! సెక్షను నంబరు కూడా వేశారు. మాకే గుర్తుండని సెక్షను!

నోటీసు తయారైంది. నేనే తీసుకెళ్లి, చదువు రాని చిలుకమ్మకు చదివి వినిపించాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇంట్ల ఇద్దరు బిడ్డలున్నరు సారూ. గిది లేపేస్తే ఏం తిని బతకాలె? ఎవలు రాసిన్రు గిట్ల?"

పేరు చెప్పకూడదని రూలు. "వారంల జవాబు రాసియ్యి" అని మాత్రం అన్నాను.

ఆదివారం సేఠు గారు స్వేచ్ఛ గురించి ఊగిపోతుండగా, చిలుకమ్మ నోటీసు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"సేఠ్, సర్కారుకు ఎదురు మాట్లాడేటోళ్లు ఊళ్లె మీరొక్కలే. నా దిక్కు జర జవాబు రాసియ్యిన్రి. మీ కాల్మొక్త!"

సేఠు గారు చేతిలోని పుస్తకం మూసేశారు. జనం చప్పట్లు కొట్టారు.

"రాయిన్రి సేఠ్! మీరు జెప్పేది గిదే గదా!" అని అరిచాడు బడిపంతులు యాకయ్య.

పాపం, రాశారు! కలం కదిలాక సిద్ధాంతం ఆగుతుందా? "బాట ఎవరి సొత్తూ కాదు, అమ్మేవారికీ కొనేవారికీ నడుమ సర్కారుకు పనేమిటి?" అంటూ రెండు పేజీలు! చిలుకమ్మ కింద వేలిముద్ర వేసింది.

మంగళవారం రెండు అర్జీలూ మా కమిషనర్ బల్ల మీద పక్కపక్కనే పెట్టాను. అదే దస్తూరీ, అదే ఆకుపచ్చ సిరా. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మరోసారి చూశారు. ఆనక ఫైలు మీద ఇలా రాశారు:

"రెండవ అర్జీలోని వాదన మిక్కిలి బలముగా ఉన్నందున మొదటి అర్జీ కొట్టివేయడమైనది. అర్జీదారులలో ఒకరికి చదువు రానందున, ఈ ఉత్తర్వును ఆదివారం నాడు సేఠు గారి అరుగు మీదనే బిగ్గరగా చదివి వినిపించవలెను."