లార్డ్ విథర్‌స్టోన్ వారి బడిలో సీటు

లార్డ్ విథర్‌స్టోన్ స్మారక పాఠశాలలో ఒకటో తరగతి ప్రవేశాలు ప్రారంభమైనట్లు లేగోస్ పురజనులకు తెలియజేయడమైనది. ఆ కబురు అందగానే మా సురులేరే పేటలో ఒక నిశ్చితార్థం వాయిదా పడింది. పెళ్ళికొడుకు అక్కగారు తన పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని బడి గేటు ముందు వరుసలో నిలబడడమే కారణం. ఆడపెళ్ళివారు కూడా సబబేనన్నారు. పెళ్ళి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఆ విథర్‌స్టోన్ ప్రభువు ఎవరో, లేగోస్‌లో ఎప్పుడు దిగాడో, అసలు దిగాడో లేదో ఎవరికీ తెలియదు. బడి మాత్రం చాలా పాతది. గోడల మీది నాచు కూడా అప్పటిదే కనుక దాన్ని కడగరాదని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది.

మా పక్కింటి ఒలుమిడేకి, అతని భార్య మొరేనికేకి ఒక్కతే కూతురు, ఇరేతి. వాళ్ళు మొదట మా వీధి చివరి కొత్త బడికి వెళ్ళారు. అక్కడ పంతులమ్మలు నవ్వుతూ పాఠం చెబుతున్నారు. పుస్తకాలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయి. ఇరేతి ఒక మూల చతికిలబడి బొమ్మల పుస్తకం తెరిచింది. ఇంటికి రానని మొండికేసింది. ఇన్ని లోపాలు కళ్ళారా చూశాక మొరేనికే ఆగలేకపోయింది.

"తొమ్మిదేళ్ళ బడా! దానికే ఇంకా పాలపళ్ళన్నీ ఊడలేదు, మన పిల్లకేం నేర్పుద్ది?"

"పిల్లకి నచ్చింది కదా," అన్నాడు ఒలుమిడే.

"పిల్లకి మట్టి తినడం కూడా నచ్చింది. తినిపిద్దామా, ఇరేతి నాన్నా?"

విథర్‌స్టోన్ బడిలో ప్రవేశ పరీక్ష తల్లిదండ్రులకు పెడతారు. ప్రిన్సిపాల్ శ్రీమతి కోకర్ మధ్యాహ్నపు ఉక్కలో ఉన్ని కోటు తొడుక్కుని ప్రసంగించారు. "ఈ బడి పుట్టిన నాటి నుంచి ఒక్క కొత్త ఆలోచనను కూడా గేటు దాటి రానివ్వలేదు. ఈ స్వచ్ఛతే మా సంపద!" అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మావాడికీ సీటు కావాలి.

తర్వాత ఒలుమిడే దంపతులను లోపలికి పిలిచారు.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

"ఇంగ్లీషేనండి. కోపమొచ్చినా ఇంగ్లీషే," అంది మొరేనికే.

"పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఒలుమిడే గొంతు తగ్గించి చెప్పాడు. "మా అమ్మ ఉందండి. ఆవిడకి మన యోరుబా తప్ప రాదు. అయితే ఎక్కువ మాట్లాడదండి."

"చాలా మంచి అలవాటు. ఆ కాస్తా కూడా మానెయ్యమనండి," అంటూ శ్రీమతి కోకర్ సీటు ఖాయం చేశారు.

ఆ అమ్మను వీధిలో అందరం మామా ఒలుమిడే, అంటే ఒలుమిడే వాళ్ళమ్మ, అంటాం. ఇరేతిని వీపుకు కట్టుకుని పెంచింది ఆవిడే. తాబేలు కథ చెప్పందే ఆ పిల్ల అమలా ముద్ద మింగేది కాదు. ఆ తాబేలు చేసే మోసాలన్నీ యోరుబాలోనే చేసేది.

కోడలు సంగతంతా చెబితే ఆవిడ ఓపిగ్గా విన్నది. "నేను నోరు మూసుకుంటే పిల్ల గొప్పదవుద్దంటే మూసుకుంటానే తల్లీ. మరి అది ఏడిస్తే ఎవరు ఊరుకోబెడతారు?"

"టీవీ ఉందిగా అత్తమ్మా."

"టీవీకి వీపుందా?"

ఈ ప్రశ్నకు ఇంగ్లీషులో సమాధానం దొరకనందున చర్చ ముగిసినట్లు ప్రకటించబడింది.

మొదట్లో ఇరేతి నాయనమ్మ బట్ట అంచు పట్టుకుని కథ కోసం ఏడ్చేది. ఆవిడ పెదవులు బిగించి, పిల్ల తల నిమిరి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు పిల్ల ఏడవడం మానేసింది. చదువు ఒంటబడుతోందని మొరేనికే సంతోషించింది. రెండో తరగతిలో నాయనమ్మా మనవరాలూ సైగలతో మాట్లాడుకునేవారు. మూడో తరగతికి ఆ అవసరమూ లేకపోయింది.

నాలుగో తరగతికి వచ్చేసరికి బడి ఒక విప్లవాత్మకమైన అడుగు వేసింది. విద్యార్థుల ప్రపంచజ్ఞానం నిమిత్తం ఇకపై విదేశీ భాషలు కూడా బోధించబడును: ఫ్రెంచి, చైనీస్, యోరుబా. యోరుబా చెప్పడానికి లండన్‌లో డిప్లొమా పొందిన పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి జనం ఎగబడ్డారు. మొరేనికే ఎవరెవరినో పట్టుకుని కూతురికి చోటు సంపాదించింది.

ఆ ఏటి వార్షికోత్సవంలో యోరుబా మొదటి బహుమతి ఇరేతిదే. తలకు నేతగుడ్డ చుట్టుకుని వేదికెక్కి, పెద్దల సామెతలను లండన్ యాసలో తడబడకుండా అప్పజెప్పింది. శ్రీమతి కోకర్ కళ్ళొత్తుకున్నారు. "మన సంస్కృతిని కాపాడుతున్నది ఇలాంటి బడులే!" అన్నారు. ఒలుమిడే, మొరేనికే ముందు వరుసలో లేచి నిలబడ్డారు.

మామా ఒలుమిడేను వెనక వరుసలో నా పక్కన కూర్చోబెట్టారు. మనవరాలి కోసం ఆవిడ అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టింది. ఆనక నా చెవి దగ్గరికి వంగింది.

"ఎంత ముద్దుగా చెప్పింది నాయనా, నా బంగారుతల్లి! ఇంతకీ అదేం భాష?"

చిన్నగానే అడిగినా చుట్టుపక్కల అందరికీ వినబడింది. ఎవరూ నవ్వలేదు. మేమంతా చదువుకున్నవాళ్ళం. పాపం, బడి మొహం ఎరగని మనిషి అని జాలిపడ్డాం.