గోడ అవతల ఎవరు?

ఆ రోజు పొద్దున భద్రతాధికారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు బయలుదేరేలోగా కంప్యూటర్లో తుపాకుల ఆట ఒకే ఒక్కటి ఆడి, అందులో "నిదానం" అనే పేరుతో నెల రోజులుగా తనను కాల్చి చంపుతున్న మోసగాడి గుట్టు రట్టు చేయాలి. పదకొండింటికి అతను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు పెద్ద డాక్టరు తనిఖీకి వస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే రెండో ల్యాబు కంప్యూటర్ల కాపలా కూడా అతనికే అప్పగిస్తారు. ఆ మాట కోసం మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

అనుమానం అతనికి ఉద్యోగంతో వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఇంట్లో గడియారం ఆగిపోతే, ఎవరు ఆపారని అడిగే రకం.

"పొద్దున్నే ఎవరితోనండీ ఆ గొడవ?" అంది భార్య వంటగదిలోంచి.

"వీడికి గోడ అవతలి మనిషి కూడా కనిపిస్తున్నాడు. నేను తలుపు దాటకముందే తుపాకీ ఇటు తిప్పుకుని కూర్చుంటున్నాడు."

"మీకంటే బాగా ఆడతాడేమో."

ఆ ఆలోచన అతనికి తట్టలేదు, తట్టినా నచ్చేది కాదు. మోసగాళ్లు వాడే పనిముట్టేదో తనూ చూడాలనుకుని, గోడల్లోంచి శత్రువును చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టాడు. ఇంటి కంప్యూటరు ఈసురోమంటూ నడుస్తోంది కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకే దింపాడు. ముందు యాంటీవైరస్ ఆపమంది ఆ సాఫ్ట్‌వేర్. యాంటీవైరస్ వద్దంటే వద్దని మొత్తుకుంది. అతను రెండింటినీ మార్చి మార్చి చూసి, అనుమానించవలసింది యాంటీవైరస్‌నే అని తేల్చాడు. ఇంత గోల చేస్తోందంటే దానికి నిదానంతో ఏదో లాలూచీ ఉండి తీరాలి. దాన్ని ఆపేసి, కొత్తది అడిగిన అనుమతులన్నీ ఇచ్చేసి, గోడ అవతల ఎర్రగా మెరుస్తున్న నిదానాన్ని కళ్లారా చూశాడు. చూస్తుండగానే చచ్చిపోయాడు.

ల్యాబులో అతను పెట్టిన నియమం ఒకటుంది. భద్రతాధికారి మెయిలు వచ్చిన ఐదు నిమిషాల్లో అందులో చెప్పింది చేసి తీరాలి. ఎందుకని అడిగితే మెమో. పదిన్నరకు అతని పేరుతో నలభై మందికీ ఒక మెయిలు వెళ్లింది: "దయచేసి మీ పాస్‌వర్డు ఈ కింది పేజీలో రాయండి." నాలుగో నిమిషానికల్లా ముప్పై తొమ్మిది మంది రాసేశారు.

తాను పంపని మెయిలుకు "అయిందండీ" అని జవాబులు వచ్చి పడుతుంటే, ఎవడో దొంగ లోపలికి చొరబడ్డాడని అతనికి అర్థమైంది. ఆ కంప్యూటర్లలో వేలమంది రోగుల రిపోర్టులున్నాయి. ఎవరికి ఏ జబ్బో బయటికి పొక్కితే ఆ జనం తలెత్తుకుని తిరగలేరు, తను ఉద్యోగంలో ఉండడు. అతనికి నిజంగానే భయమేసింది. భయమేసినప్పుడు అతనికి చేతనైంది ఒక్కటే. ల్యాబు తలుపుకు తాళం వేయించి, రక్తం తీసే ఆయనను పిలిపించాడు.

"నిన్న నా గది ముందు రెండుసార్లు తిరిగారు. ఎందుకు?"

"పక్కనే బాత్రూం సార్."

"రెండుసార్లా?"

"షుగరు సార్."

అది కూడా అతను కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత రిసెప్షనిస్టు వంతు వచ్చింది.

"అందరూ పాస్‌వర్డు ఇచ్చారు. మీరొక్కరే ఇవ్వలేదు. ఏం దాస్తున్నారు?"

"పాస్‌వర్డే సార్."

"నా మెయిలంటే లెక్కలేదా?"

"అందులో దయచేసి అని ఉంది సార్. మీరు రాసింది కాదనుకున్నాను."

అంతలో పెద్ద డాక్టరు వచ్చి, తాళం తీయించుకుని లోపలికి అడుగుపెట్టారు. "దొంగ దొరికింది డాక్టరుగారూ," అంటూ అతను రిసెప్షనిస్టును చూపించాడు. ఆమె మాత్రం అతని ల్యాప్‌టాప్ వైపు చూస్తోంది. ఎవరూ చేయి పెట్టకుండానే తెరమీద బాణం గుర్తు తిరుగుతూ, రిపోర్టుల ఫోల్డరు వెతుకుతోంది. ఆమె చటుక్కున వెళ్లి నెట్ తీగ పీకేసింది.

"రిపోర్టులు ఇంకా పోలేదు డాక్టరుగారూ," అంటూ యాంటీవైరస్ చిట్టా తెరిచింది. "ఏడూ నలభైకి దీన్ని ఎవరో ఆపేశారు. ఇది వద్దంటున్నా ఆటలో మోసం చేసే సాఫ్ట్‌వేరేదో ఎక్కించుకున్నారు. అందులో ఆడిన వాళ్ల పేరు డేగకన్ను అని ఉంది." అక్కడ ఆగి అతని మొహంలోకి చూసింది. "డేగకన్ను మీరా సార్?"

"ఆ పేరు మీకెలా తెలుసు?" అతని గొంతులో అనుమానం అప్పటికీ చావలేదు.

"రోజూ బస్సులో ఆడతానండీ. నిదానం నేనే."

"మరి గోడ అవతల నేనెలా కనిపించాను?"

"కనిపించరు సార్, వినిపిస్తారు. బూట్లు టకటకలాడిస్తూ పరిగెత్తుకొస్తారు కదా. వంగి నడిస్తే చప్పుడు కాదు."

పెద్ద డాక్టరు నవ్వలేదు. రెండు ల్యాబుల కాపలా ఆమెకు అప్పగించి, రిసెప్షన్ కుర్చీ అతనికి చూపించారు. అతనికి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం కొత్త భద్రతాధికారి నుంచి మొదటి మెయిలు వచ్చింది: దయచేసి పాస్‌వర్డులు మార్చుకోండి, అనుమానముంటే నన్ను వచ్చి అడగండి. ముప్పై తొమ్మిది మంది ఐదు నిమిషాల్లో మార్చేశారు. అడగడానికి అతనొక్కడే వెళ్లాడు, వంగి, చప్పుడు కాకుండా.