న్యూట్రినో పుట్టిల్లు

ఒక పెద్ద అడవిలో, మేత తగ్గి కమిటీలు పెరిగిన అడవిలో, లోతైన మడుగొకటి ఉండేది. దాని అడుగున పట్టపగలే చీకటి. అక్కడ కాపురముండే తాబేలు ఒకనాడు రొప్పుకుంటూ దర్బారుకొచ్చింది.

"ప్రభూ, నీళ్ళలో నీలం మెరుపు! కొండవైపు నుంచి గీత గీసినట్టు వచ్చి ఆరిపోయింది."

శాస్త్ర సలహాదారు కొంగ గొంతు సవరించుకుంది. "దాన్ని న్యూట్రినో అంటారు ప్రభూ. కంటికి కనపడని నలుసు. కొండల్లోంచి, చెట్లలోంచి, మనలోంచి కూడా దూరి పోతుంది. ఎప్పుడో ఒకటి నీళ్ళలో దేన్నో గుద్దుకుంటేనే ఆ మెరుపు."

సింహం పొట్ట తడుముకుంది. "నాలోంచి కూడానా? ఎవరినడిగి? ఎక్కడ పుట్టిందో తేల్చండి!"

"అది వంకర పోదు ప్రభూ. వచ్చిన గీతనే వెనక్కి పట్టుకుపోతే పుట్టిల్లు తెలుస్తుంది. కాకపోతే అది..."

"మిగతాది కమిటీ చూసుకుంటుంది," అని నక్క కొంగ నోరు మూయించింది. కమిటీకి అధ్యక్షత తనదే మరి.

నక్క పొడుగాటి తీగ తెప్పించింది. ఒక కొస మడుగులో తాబేలు నోట పెట్టి, మెరుపొచ్చిన దారినే లాక్కుంటూ పోయింది. కొండ మొదట్లో ఏదుపంది నూకాలు బొరియ తగిలింది. నక్క అక్కడే ఆగి, మిగిలిన తీగ చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. ఆ బొరియ మీద దాని బావమరిదికి ఎప్పట్నుంచో కన్ను.

"దొరికింది! న్యూట్రినోలు పుట్టిస్తున్నది ఈ నూకాలే. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యి!"

నూకాలు నిండు చూలాలు. ఒంటిమీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"నేను పుట్టించేది పిల్లల్ని, నలుసుల్ని కాదు. ఏమయ్యా అధ్యక్షా, గీత నా గుమ్మంలో ఆగిందని నీకెవరు చెప్పారు? ఆగింది నువ్వు!"

"తీగ అయిపోయింది."

"మరి ఆ చంకలోదేంటి, మీ ఆవిడకి పూలదండా?"

నూకాలు ఆ చుట్ట లాక్కుని బొరియలో దూరింది. కొండ అవతలి దాకా సూటిగా తవ్వుకున్న బొరియ అది. అవతల తేలి, తీగని అదే వరసలో లాగింది. కొస పోయి పోయి సింహం గుహలో, సింహం మూతికే తగిలింది.

వెనకాలే పరిగెత్తుకొచ్చిన నక్కని నూకాలు నిలదీసింది. "ఇప్పుడు చెప్పు నాయనా, పుట్టిల్లెవరిది?"

సింహం లేచి నిలబడింది. "అంటే దొంగని నేనా?"

నక్క గబగబా ముందుకొచ్చింది. "అయ్యో, గీత తమ దగ్గర ఆగదు ప్రభూ! వెనక గోడకి ఆ కంత ఉంది చూడండి, అందులోంచి ఆకాశంలోకి పోతుంది..."

"నేను మొదట చెప్పబోయిందీ అదే," అంది సింహం పక్కనే ఉన్న కొంగ. "ఎక్కడో నక్షత్రాల్ని మింగే నల్లటి నోరొకటుందని మా అనుమానం. అది తింటూ తింటూ త్రేన్చితే రాలే నలుసులివి."

సింహానికి ఒళ్ళు మండిపోయింది. "నన్నడక్కుండా నాలోంచి పంపుతాడా? నక్కా, కనిపెట్టింది నువ్వే కాబట్టి నువ్వే వెళ్ళి వాణ్ణి పట్టుకురా."

"ఎంత దూరం కొంగమ్మా?" నక్క కొంగ వైపు తిరిగింది.

"వెలుతురు రావడానికే కోట్ల ఏళ్ళు పడుతుంది."

"అయితే ఇంకా నిలబడ్డావేం?" అని గర్జించింది సింహం. "ఎండెక్కకముందే బయల్దేరు!"

నూకాలు ఇంటికి పోయి, కాళ్ళు బారజాపుకుని పడుకుంది.

నీతి కావాలన్నవాళ్ళు రాసుకోండి: విచారణ ఎప్పుడూ లేనివాళ్ళ గుమ్మంలోనే ఆపేయాలి, ముందుకు పోతే నిజం దొరికే ప్రమాదముంది.